కుడి చేతి ముద్ద

మా పాప ఒకటో తరగతిలో ఉండగా, ఒకరోజు పొద్దున్న పళ్లు తోముకుంటూ కూలబడింది. మూతి ఒక పక్కకు పోయింది. కుడి చెయ్యి, కుడి కాలు వేలాడిపోయాయి. ఎనభైల నాటి మాట. అప్పట్లో పిల్లలకు కాలు చచ్చుబడిందంటే అందరి నోటా ఒక్కటే, పోలియో. వరంగల్‌లో మా బియ్యం దుకాణానికి వచ్చిన ప్రతివాడూ డాక్టరే అయ్యాడు. ఇక నడవదట, తలరాతట. వాళ్ల ఓదార్పులకు నాకు ఒళ్లు మండిపోయేది.

హనుమకొండ పిల్లల డాక్టరు మాత్రం పోలియో ఇలా మూతినీ చేతినీ కాలినీ ఉన్నట్టుండి ఒకేసారి లాగదని, తలకు స్కానింగ్ తీయించమని, ఆ మిషను కోసం హైదరాబాదు పోవాలని చెప్పాడు. మా ఆయన దుకాణం మూసేసి వచ్చాడు. రైలెక్కాం. అక్కడ పాప కదలకుండా ఉండాలని నిద్రమందు తాగించి, తలను ఆ గుండ్రటి మిషనులోకి పంపారు. బయట కూర్చుని నేను మొక్కని దేవుడు లేడు.

తర్వాత పెద్ద డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి, మెదడు ఎడమ పక్కన నల్లటి మచ్చ చూపించాడు. నెత్తురు అందక దెబ్బతిన్న చోటట. పక్షవాతం అన్నాడు. ముసలివాళ్ల రోగం నా ఆరేళ్ల బిడ్డకేమిటని కొట్లాటకు దిగినంత పని చేశాను. పిల్లలకూ వస్తుందని, లేత మెదడు పోయిన పనిని మళ్లీ నేర్చుకోగలదని, కుడి చేతికి మాత్రం పని తప్పించొద్దని ఆయన ఓపికగా చెప్పాడు. ఆ మచ్చను చూసి ఏడవాల్సిన నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చాక కాలు మెల్లగా సర్దుకుంది. చెయ్యే మొండికేసింది. పాప ఎడమ చేత్తో తినబోతే మా అత్తమ్మ ఊరుకునేది కాదు. డాక్టరు చెప్పాడని కాదు, ఎడమ చెయ్యి కంచంలో పడితే ఆమెకు సహించదు. జాలేసి నేను కలిపి పెట్టబోతే నన్నూ కసిరేది. ఆ మొండితనానికి లోలోపల తిట్టుకునేదాన్ని.

నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పాప మళ్లీ ఎడమ చెయ్యి చాపింది. అత్తమ్మ ఆ చేతిని మళ్లీ గట్టిగా పట్టుకుంది. పిల్లకు కోపం నషాళానికంటి, కంచంలోని పప్పన్నం తీసి ఆమె మొహాన కొట్టింది. నేను దెబ్బ వేయడానికి లేచాను. అత్తమ్మ మెతుకులైనా తుడుచుకోలేదు. పాప ఎడమ చెయ్యి ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది.

"కొట్టకు బిడ్డా. ఏ చెయ్యితోని ఇసిరిందో జర సూడు."