వలసల పాఠం, చివరి ప్రశ్న

మా బడిలో ప్రతి పాఠానికీ బైబిలు నుంచి ఒక భాగం జోడించాలి. లెసన్ ప్లాన్‌లో దానికి విడిగా ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా ఉంటే హెచ్చెమ్ గారు సంతకం పెట్టరు. యూనిట్ టెస్టులోనూ, ఏ సబ్జెక్టయినా, చివరి ఐదు మార్కుల ప్రశ్న అక్కడి నుంచే. లెక్కల మేస్టారు త్రికోణమితి చెబుతూ బాబెలు గోపురం నీడ కొలిపిస్తారు.

"మీకేమండీ, సోషల్‌కి కావలసినన్ని కథలు. నాకు కలిసొచ్చిందల్లా ఆ గోపురం పూర్తి కాకపోవడమే. ఎత్తు నా ఇష్టం," అంటారు.

నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా ఆ పుస్తకం చాలా ఏళ్లుగా చదువుతున్నాను. అందులో మరణాలు తక్కువ మాటల్లో అయిపోతాయి. నా భార్య పోయాక ఆ పద్ధతి నాకు మరింత నచ్చింది. కాకినాడ ఆసుపత్రి నుంచి బావమరిది ఫోన్ చేసి, "సీరియస్‌గా ఉందండి బావగారూ, వచ్చేయండి," అన్నాడు. అప్పటికే ఆమె లేదు. ఆ సంగతి తెలియక, ఆమెను ఇంటికి తెచ్చాక మంచం ఏ గదిలో వేయాలా అని బస్సులో దారంతా ఆలోచిస్తూ వెళ్లాను.

ఎనిమిదో తరగతిలో వలసల పాఠం ఉంది. దానికి జోడించింది, కరువొచ్చి పరాయి దేశం వెళ్లిన ఒక కుటుంబం కథ. భర్త అక్కడే చనిపోతాడు. తర్వాత ఇద్దరు కొడుకులూ పోతారు. ఒక కోడలిని వెంటబెట్టుకుని భార్య సొంతూరు తిరిగొస్తుంది. మా కొత్తపేట చుట్టుపక్కల పిల్లల్లో చాలామందికి నాన్నో మేనమామో గల్ఫ్‌లో ఉంటారు. పాఠం చెబుతుంటే కదలకుండా విన్నారు. ఈసారి జోడింపు కుదిరిందనుకున్నాను.

పరీక్షలకు కొద్దిరోజుల ముందు, పలివెల నుంచి ఆటోలో వచ్చే ఒక అమ్మాయి తల్లి బడికి వచ్చింది. భర్త మస్కట్‌లో డ్రైవరు. గుండెపోటుతో పోయాడు. అక్కడి కాగితాలన్నీ అయ్యి శవం రావడానికి ఇంకా సమయం పడుతుందట. హెచ్చెమ్ గారి గదిలో నేనూ ఉన్నాను.

"నాన్నకి జొరం అని పాపకి చెప్పేమండి. ఆసుపత్రిలో ఉన్నారు, ఫోను మాట్లాడలేరని. మనిషొచ్చేదాకా దానికి తెలియనివ్వకండి మేస్టారూ," అంది.

మనిషి అనే అంది.

"ఆయ్, అలాగేనమ్మా," అన్నాను.

మా యాజమాన్యం కింద ఉన్న బడులన్నిటికీ ఒకటే ప్రశ్నపత్రం. సీలు వేసి వస్తుంది. పరీక్ష రోజు హాల్లో విప్పాకే చివరి ప్రశ్న చూశాను. ఆ కుటుంబం ఎందుకు వలస వెళ్లింది, అక్కడ ఏం జరిగింది, మీ ప్రాంతంతో పోల్చి రాయండి. ఆ అమ్మాయి మూడో బెంచీలో కూర్చుని తల ఎత్తకుండా రాసింది.

మర్నాడు స్టాఫ్ రూములో ఆమె పేపరు దిద్దాను. కరువు గురించి రాసింది, ప్రయాణం గురించి రాసింది. ఆ తర్వాత, కరువు తీరగానే అందరూ సొంతూరు తిరిగి వచ్చారని రాసింది. మా ప్రాంతం వాళ్లు కూడా ఇలాగే వెళ్తారని, ఇప్పుడు ఫోన్లు ఉన్నాయి కాబట్టి బెంగ ఉండదని రాసింది. భర్త మరణం ఎక్కడా లేదు. జవాబుల కీలో దానికి ఒక మార్కు ఉంది.

మా దగ్గర మార్కు తీస్తే, సరైన జవాబు పక్కనే ఎర్రసిరాతో రాయాలి. పేపరు ఇంటికి వెళ్లి తల్లో తండ్రో సంతకంతో తిరిగి రావాలి. నేను ఐదుకు ఐదూ వేశాను.

బైబిలు జవాబులు మాత్రం బడి పక్క చర్చి అయ్యగారు ఇంకోసారి చూస్తారు. ఆయన ఆ పేపరు పట్టుకుని వచ్చారు. సంగతి చెప్పాను. కళ్లజోడు తీసి ఎదుటి కుర్చీలో కూర్చున్నారు.

"నాకెవరూ చెప్పలేదండి," అన్నారు. "కానీ పక్క పిల్లకి ఇదే చోట మార్కు తీసేరు కదండీ. పేపర్లు ఇవ్వగానే ఒకళ్లవి ఒకళ్లు చూసుకుంటారు. దీనికెందుకు తియ్యలేదని క్లాసంతా అడుగుద్ది. అందరి ముందూ ఏం చెప్తారు?"

పేపరు వెనక్కి తీసుకున్నాను.

"కాస్త మెత్తగా రాయండి," అని వెళ్లిపోయారు.

మెత్తని మాటలు చాలానే ఉన్నాయి. కన్నుమూశాడు అనవచ్చు. అయ్యగారి చర్చిలో నిద్రించాడు అంటారు. ఏది రాసినా, ఆ రోజు బావమరిది నన్ను బస్సెక్కించినట్టే అనిపించింది. ఐదు కొట్టేసి నాలుగు చేసి, పక్కన 'భర్త అక్కడే చనిపోయాడు' అని రాశాను.

పేపర్లు పంచే ముందు ఆ అమ్మాయిని వరండాలోకి పిలిచాను. ఏం చెప్పాలో అనుకోకుండానే పిలిచాను. పేపరు చేతికిస్తే నేరుగా చివరి పేజీకే తిప్పింది.

"ఒక పాయింటు మర్చిపోయావమ్మా."

"మర్చిపోలేదండి."

"మరి?"

"దీని మీద మా అమ్మ సంతకం పెట్టాలి కదండీ."

లోపల క్లాసు గోల చేస్తోంది.

"నీకెలా తెలుసమ్మా?"

"ఆటోలో అనుకున్నారండి. నేను పడుకున్నాననుకున్నారు." కాగితం మడిచింది. "నాకు తెలుసని మా అమ్మకి తెలియనివ్వకండి మేస్టారూ."

ఆ ఎర్రసిరా చెరిపే వీలు లేదు. కొట్టేస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. ఆ మాటే ఆమెతో అన్నాను.

"పర్లేదండి," అంది.

మర్నాడు పేపరు తెచ్చింది. మొదటి పేజీలో మార్కుల పక్కన తల్లి సంతకం ఎప్పటిలాగే ఉంది. చివరి పేజీ దాకా తిప్పిందో లేదో దాన్ని బట్టి తెలియదు.

"అమ్మ ఏమందమ్మా?"

"ఏం అనలేదండి. మార్కెందుకు తగ్గిందని కూడా అడగలేదు."

నా వైపు చూస్తూ నిలబడింది. నేనేమైనా చెబుతానని కాబోలు.

"పేపర్ల కట్టలో పెట్టేయమంటారా అండీ?"

"ఆయ్," అన్నాను.