బరువు బయట పెట్టి రా

పైకెత్తేవాడు ఆయనే, క్షేమంగా దించేవాడు ఆయనే, దేవునికి స్తోత్రం. ఆ రోజుల్లో, అంటే పెద్ద యుద్ధం జరుగుతున్నప్పుడు, మా నాగర్‌కర్నూలు వైపు వానా లేక, కూలీ లేక చాలామందిమి సైన్యంలో చేరాం. నాకు దొరికింది విమానాలకు సామాను ఎక్కించే పని. ఆకాశం నుంచి చేసే ప్రార్థన త్వరగా చేరుతుందనుకునే వయసు. (ఇప్పుడు మా ఊరి మందిరం మెట్లెక్కడానికే మధ్యలో ఓసారి కూర్చుంటున్నాను.)

ఆ మందిరంలో ఒక ఆచారం ఉండేది. చేలల్లోంచి నేరుగా ఆరాధనకు వచ్చేవాళ్లు కట్టెల మోపులూ గడ్డి మోపులూ గుమ్మం బయటే దించాలి. సంఘపెద్ద తాత గడప మీద కర్రతో తట్టి, "బరువు బయట పెట్టి రా బిడ్డా, ఆయన చూసుకుంటడు" అనేవాడు. చిన్నప్పటినుంచీ విన్న మాట కదా, ఆపదలో బరువు దించడమే భక్తి అని నా బుర్రలో స్థిరపడిపోయింది.

మా విమానంలో మెకానిక్కు మా బావే, గద్వాల మనిషి. "క్రిస్మస్‌కు మీ బావను తోల్కరా. ఆయన రాకుంటే నువ్వు గూడ నా గడప తొక్కకు" అని అక్క నన్ను హెచ్చరించి పంపింది.

ఒక ఉదయం బియ్యం బస్తాలతో లేచాం. సరిగా ఎత్తు అందుకోకముందే ఎడమ ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నాకు అక్క గడప కనిపించింది, తాత మాట వినిపించింది. స్తోత్రం చెబుతూ తెరిచి ఉన్న తలుపులోంచి బస్తా తర్వాత బస్తా కిందికి తోసేశాను. సగం ఖాళీ అయ్యేసరికి విమానం ముక్కు ఆగిన ఇంజను వైపు తిరగసాగింది. పైలట్ సాబు కుడికాలితో పెడల్ అడుగంటా తొక్కినా వినలేదు.

"ఆగురా బామ్మర్దీ! చంపుతవా ఏంది?" అని బావ వచ్చి నా నడుము పట్టుకున్నాడు. సాబు ముక్కు కిందికి దించి వేగం తెచ్చుకుంటే అప్పుడు దారికొచ్చింది. ఎలాగో చుట్టు తిరిగి, లేచిన చోటే దిగాం.

నేల మీద కూలబడి, "బరువు తగ్గితే మంచిదే గద బావా?" అన్నాను.

"పైకి ఎక్కనీకె మంచిదే. కని సాబు నడుస్తున్న ఇంజను దిక్కు జర వంచి పట్టిండు. గట్ల వంచినప్పుడు విమానం బరువే దాన్ని గా దిక్కు గుంజి సక్కగ ఉంచుతది. నువ్వు బరువంత పారేస్తే గుంజేది ఏందిరా? మల్ల మస్తు బరువున్నా కిందికే దిగుతది. పారేసుడా, ఉంచుడా అన్నది సాబు చెప్పాలె. నువ్వు గాదు."

క్రిస్మస్‌కు ఇద్దరం గద్వాల చేరాం. బావ ఈ కథ చెబితే అక్క నవ్వుతూనే ఏడ్చింది. మా ఊరికొచ్చాక ఇదంతా విన్న సంఘపెద్ద తాత మాత్రం, "నేను మోపులు దించుమన్న బిడ్డా, సర్కారు బియ్యం గాదు" అన్నాడు.

బావ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. మంచం పట్టిన అక్కకు నేనే గంజి తాగిస్తున్నాను. చాలా అలసిపోయాను. తలుపు తీసి అన్నీ తోసేద్దామనిపించే రోజులున్నాయి. అప్పుడు నా నడుము మీద బావ చేతులు తగులుతాయి, నవ్వొస్తుంది. అందుకే బరువు తీసేయమని అడగడం మానేశాను. ఒక్క ఇంజనుతో పోతున్న ఈ ముసలి విమానాన్ని, ప్రభువా, మంచివైపు కాస్త వంచి పట్టు. చదువుతున్న మీరూ నాతోపాటు ఈ ఒక్క మాట అడగండి. ఆమెన్.