బాపు చేసిన బండి లిఫ్టు, అమ్మ అనుమానం

మేం చిన్నగా ఉన్నప్పుడు ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి, ఇంటి పక్క రేకుల షెడ్డుకి అడ్డంగా పాత పరదా కట్టి ఉంది... లోపల వెల్డింగ్ చప్పుడు. బయట అమ్మ కొంగు నడుముకి దోపుకుని, పరదా సందులోంచి తొంగి చూస్తోంది.

"ఏందో దాస్తుండు మీ బాపు. పొద్దటి నుంచి చాయ్ గూడ తాగలే," అంది మెల్లగా.

అప్పుడు మేం మగ్గాల ఊరు భివండిలో, శాంతి నగర్‌లో ఉండేవాళ్లం. బాపు మొదట మర మగ్గాలు బాగుచేసే మిస్త్రీ. కార్ఖానాలు ఒక్కొక్కటీ మూతపడుతుంటే, అవే చేతులతో మోటారు సైకిళ్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. రోజంతా నేలమీద గొంతుకూర్చుని పని... సాయంత్రానికి లేవాలంటే గోడ పట్టుకోవాలి. అమ్మ ఇటుక ముక్క వేడిచేసి, గుడ్డలో చుట్టి నడుముకి కాపడం పెట్టేది.

గల్లీలో అందరికీ ఆ పరదా మీదే కన్ను. కొత్త మగ్గం పెడుతున్నాడని కొందరు, ఇల్లు ఖాళీ చేసి సూరత్ పోతున్నాడని ఇంకొందరు. అమ్మకి మాత్రం ఆయన మళ్లీ నడుము విరగ్గొట్టుకునే పని ఏదో నెత్తికెత్తుకున్నాడని అనుమానం...

పరదా తీసిన రోజు చూస్తే, లోపల ఇనుప మంచంలాంటిది ఒకటి. నాలుగు వంగే కాళ్లు, పైన మందపాటి ఇనుప పలక, కింద పాత ఇనుము అమ్మే భంగార్ దుకాణంలో దొరికిన లారీ జాకీ. పలక మీదకి బండి ఎక్కించి జాకీ కొడితే, బండి నడుమెత్తు వరకు లేస్తుంది.

"బండే పైకొస్తే ఇగ నేను వంగుడెందుకు?" అన్నాడు బాపు. ఆ ముఖంలో అంత సంతోషం నేను చాలారోజుల తర్వాత చూశాను.

అమ్మ దాని చుట్టూ తిరిగింది. వంగి చూసింది. పలకని కాలితో తట్టింది.

"ఈ జాకీ జారితే?"

"జారదు. లారీలను లేపిన జాకీ గది."

"లేపి లేపి అరిగిందేమో. మంచిదే అయితే భంగార్ల ఎందుకేస్తరు?"

బాపు జాకీని ఇంకోసారి కొట్టి చూపించాడు. కానీ అమ్మ వదల్లేదు. అన్నం వడ్డిస్తూ అదే మాట, నీళ్లు పడుతూ అదే మాట... చివరికి బాపు విసుగెత్తి, పలక పక్కన ఒక మందపాటి ఇనుప పట్టీ నిలబెట్టి దానికి బెజ్జాలు వేశాడు. చిటికెన వేలంత లావు ఇనుప సీల ఒకటి గొలుసుకి కట్టి వేలాడదీశాడు. బండి పైకి లేచాక సీలను బెజ్జంలో దూర్చాలి. జాకీ జారినా పలక ఆ సీల మీద ఆగుతుంది.

"ఈ అనుమానపు పక్షితోని ఎట్ల ఏగాలె బిడ్డా," అన్నాడు నాతో.

అయితే అనుమానం అమ్మ ఒక్కదానిదే కాదు... ఎవరూ బండి ఇవ్వలేదు. వచ్చినవాళ్లు లిఫ్టును ఓరగా చూసి, "దాని మీద వద్దన్నా, నేల మీదనే చెయ్యి," అనేవారు. బాపు మళ్లీ నేలమీదే కూర్చున్నాడు. ఆ పలక మీద అమ్మ మిరపకాయలు ఎండబెట్టింది.

ఒక మధ్యాహ్నం రాజేశం మామ వచ్చాడు. పక్క గల్లీలో మగ్గాల షెడ్డు ఆయనది. బరువైన పాత బండి, ఇంజను అడుగున ఆయిలు కారుతోంది. లిఫ్టు మీదైతేనే చేస్తానన్నాడు బాపు. మామ సణుగుతూనే ఒప్పుకున్నాడు కానీ హ్యాండిల్ మాత్రం వదల్లేదు. బండి లేస్తుంటే ఆయన చేతులు కూడా దాంతోపాటే లేచాయి.

"బావా, జర ఆహిస్తా, మెల్లగ... ముంగట చక్రం ఊగుతుంది."

"విడువు బావా."

"నేనైతే విడువ."

వంటింట్లోంచి అమ్మ అరిచింది. "సీల పెట్టినవా?"

"పెట్టిన, పెట్టిన," అన్నాడు బాపు, బోల్టు విప్పుతూనే.

అమ్మ నమ్మలేదు. పిండి చేతులతోనే వచ్చింది. సీల గొలుసుకే వేలాడుతోంది... ఒక్కమాట అనకుండా దాన్ని బెజ్జంలోకి తోసి, వెనక్కి వెళ్లిపోయింది. బాపు చూడనే లేదు.

కాసేపటికి పానా జారి పలక కింద పడింది. దానికోసం బాపు తల, భుజం లోపలికి పెట్టాడు. అప్పుడే జాకీలోంచి సర్రుమని నూనె చిమ్మింది...

ధన్‌మని ఒక్క చప్పుడు. పలక వేలెడంత కిందికి దిగి, ఆగింది.

బాపు మెల్లగా బయటికి వచ్చాడు. ముఖం నిండా నూనె. ముందు జాకీని చూశాడు, తర్వాత సీలని, దాని మీదున్న పిండి మరకని. అలాగే నేలమీద కూర్చుండిపోయాడు. చప్పుడుకి అమ్మ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. నేను వెళ్లి బాపు భుజం పట్టుకున్నాను...

ఈ సంగతి బయటపెట్టింది రాజేశం మామే. గల్లీ అంతా తిరిగి చెప్పాడట. "జాకీ ఫట్‌మన్నది గానీ, నా బండి మీద గీత గూడ పడలే." బాపు జాకీ మార్చాడు. బండ్లు రావడం మొదలైంది. నడుముకి కాపడం పెట్టే అవసరం తగ్గుతూ వచ్చింది.

అమ్మ అడగడం మాత్రం మానలేదు. బాపు కూడా ఆ తర్వాత ఎప్పుడూ "పెట్టిన" అనలేదు. "అచ్చి చూస్కో," అనేవాడు. ఆమె వచ్చి చూసేదాకా పానా పట్టేవాడు కాదు...

ఇప్పుడు బండి సర్వీసింగుకి ఇస్తే, అద్దాల గదిలో కూర్చోబెడతారు. లోపల ఏం చేస్తున్నారో మనం అడగం, వాళ్లు చెప్పరు. ఫోను చూసుకుంటూ కూర్చుంటాం. మనకి నమ్మకం పెరిగిందో, పట్టింపు తగ్గిందో తెలియడం లేదు...

ప్రతిదాన్నీ అనుమానించి మిమ్మల్ని విసిగించిన మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. వాళ్లు ఏం అడిగేవారో రాయండి... చదవాలని ఉంది.