అక్క జడలో నా కనకాంబరాలు

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం, రాయచూరులో మా బడి వరండా. నీళ్లు చల్లి, గోనెపట్టాలు పరిచి, మధ్యలో కనకాంబరాలు కుప్ప పోశారు. పక్కనే మరువం, తడిపిన అరటినార. చుట్టూ మేం ఇరవై మంది పిల్లలం.

బడి గ్యాదరింగ్ దగ్గరపడింది. వార్షికోత్సవాన్ని మా దగ్గర అలాగే అంటారు. ఈసారి పూలు కొనొద్దు, పిల్లలే కట్టాలి అన్నారు మా డ్రాయింగ్ టీచరు. నేర్పడానికి బడి ముందు పూలమ్మే బసప్ప తాతను పిలిపించారు.

నేను వెళ్లిన కారణం వేరు... మా అక్క కోలాటంలో ఉంది. నీ జడకు పూలు నేనే కడతానని ఇంట్లో అందరి ముందూ అనేశాను. మామూలుగా నాకు మాటలు తక్కువ. అందుకే అన్న మాట వెనక్కి తీసుకోవడం చేతకాదు.

అక్క మాత్రం తేల్చి చెప్పింది. "వీడు కట్టింది నేను పెట్టుకోను. స్టేజి మీద రాలితే అందరు నవ్వుతరు."

బసప్ప తాత నార కొసను కాలి బొటనవేలికి చుట్టుకుని, అటు రెండు పువ్వులు, ఇటు రెండు పువ్వులు పెట్టి మెలిక వేసేవాడు. చేతులు కదిలినట్టే ఉండేది కాదు, దండ మాత్రం పొడుగయ్యేది. మేమూ కాళ్లు చాపుకుని వేళ్లకు నార చుట్టుకున్నాం.

మాది కిరాణా దుకాణం. పొట్లం కట్టడంలో నన్ను మించినవాడు లేడు... రెండు చుట్లు, ఒక్క గుంజు. పూలనూ అలాగే గుంజాను. అందరికంటే ముందు నాదే మూరెడు అయింది. గర్వంగా పైకెత్తి చూపించానో లేదో... పువ్వులన్నీ తెగి ఒళ్లో రాలాయి. చేతిలో నార మిగిలింది.

పిల్లలు ఒకటే నవ్వు. తాత నవ్వలేదు. ఆ నారను వెలుతురులోకి పట్టి చూశాడు.

"ఏ తమ్మా, ఇది మీ దుకాణంల పల్లీల పొట్లం గాదు. పువ్వుకు గొంతు ఉంటది. ఊపిరి తీసుకునేంత సందు ఇయ్యాలె."

ఎంత సందో మాటల్లో చెప్పలేదు. నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి నార లాగాడు. ఆగాల్సిన చోట ఆగాడు. అంతే...

ఆ వారమంతా ఏది దొరికితే అది కట్టాను. వేపాకు, చింతచిగురు, చివరికి వంటకు తెచ్చిన మెంతికూర కూడా. కూరకు కూడా జడ వేశావా అని అమ్మ నవ్వుతూ, దండలోంచే తెంపి వండింది.

గ్యాదరింగ్ రోజు మూరన్నర దండ అక్క చేతిలో పెట్టాను. తువ్వాలు దులిపినట్టు దులిపింది. ఒకసారి కాదు, మూడుసార్లు. నేను గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టాను. ఒక్క మరువం రెబ్బ పడింది. అక్క పిన్నులు అమ్మకిచ్చి, వీపు తిప్పి కూర్చుంది.

కోలాటం ఎలా ఆడారో నన్నడగొద్దు. కోలలు చూడలేదు, అడుగులు చూడలేదు... ఊగుతున్న ఆ జడనే చూశాను. పాట ఆగాక స్టేజి మీద రెండే పువ్వులు కనిపించాయి. అంతమంది ఆడపిల్లల్లో అవి ఎవరివో తెలియదు... నావి కావనే ఇప్పటికీ నా నమ్మకం.

ఇంటికి నడుస్తుంటే అక్క మెల్లగా అడిగింది. "రేపు గూడ కట్టి ఇస్తవా?"

అక్క పెళ్లయి దేవదుర్గ వెళ్లేదాకా కట్టి ఇచ్చాను.

మొన్న మా కాలనీలో పిల్లలకు పూల అలంకరణ వర్క్‌షాపు పెట్టారు. మా వాడు గాజుగిన్నెలో పచ్చటి స్పాంజి పెట్టి, పేరు తెలియని పూలు గుచ్చి తెచ్చాడు. నిజంగా బాగుంది. బల్ల మీద పెట్టుకుని ఫోటో తీసుకున్నాం. రెండు రోజులు చూసుకుని మురిశాం... కానీ ఆ పూల కోసం వీపు తిప్పి కూర్చున్న మనిషి లేదు.

మీ చేత్తో కట్టిన పూలు మొట్టమొదట ఎవరి జడలోకి వెళ్లాయి? గుర్తుంటే చెప్పండి... తీరిగ్గా చదువుకుంటాను.