పది లక్షల ఒకటి

ఢిల్లీ సాకేత్‌లోని మా ఆఫీసులో ఎవరైనా మార్కర్ మూత తీశారంటే, ఆ ఘాటు వాసనకి నాకు లక్ష్మీ నగర్ గుర్తొస్తుంది. సందులో మూడో అంతస్తు గది, సివిల్స్‌కి చదివే తెలుగు పిల్లలం అరడజను మందిమి, బోర్డు ముందు శారద మేడమ్. గుంటూరు నుంచి భర్త ఉద్యోగంతో ఢిల్లీ వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన లెక్కల టీచరు. అప్పటికి నేను ప్రిలిమ్స్‌లో లెక్కలున్న పేపరు వల్లే రెండుసార్లు పోయాను. మళ్ళీ పోతే ఇంటికొచ్చేయమని నాన్న తేల్చి చెప్పారు. లెక్కలంటే నాకు చలిజ్వరం.

కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ ఒక పెద్ద సంఖ్యని అప్పగించేవారు. "వారం రోజులు దీంతో కాపురం చెయ్యి. గుణగణాలన్నీ కనుక్కో," అనేవారు. నా వాటాకి వచ్చింది 10,00,001.

అంతకుముందు కోచింగ్ సెంటర్‌లో నేర్పిన కిటుకులన్నీ ప్రయోగించాను. చివర ఒకటి ఉంది కనుక రెండుతో, ఐదుతో భాగం పోదు. అంకెల మొత్తం రెండే, కనుక మూడుతోనూ పోదు. ఏడు, పదకొండు, పదమూడుతో కూడా భాగించి చూశాను, పోలేదు. "ప్రధాన సంఖ్య మేడమ్," అన్నాను ధీమాగా.

"అచ్ఛా? పదమూడుతో లోకం అంతమైపోయిందా తల్లీ?"

గది ఘొల్లుమంది. పరీక్షలో అంతకు మించి అడగరు గనక కోచింగ్ పిల్లలమందరం అక్కడే ఆగిపోయేవాళ్ళం. అయినా నాకు తల కొట్టేసినట్టయింది. "ఇది వెయ్యి వర్గానికి ఒకటి కలిపితే వచ్చింది. వర్గాల తేడా అయితే విడదీయొచ్చు, కూడితే ఎలా మేడమ్?" అన్నాను ఉక్రోషంగా.

"వెయ్యినే పట్టుకు వేలాడతావేంటే? పది లక్షలు ఇంకోలా పుట్టదా?" అని బోర్డు తుడిచేశారు.

మర్నాడు కుల్చే బండి దగ్గర తింటుంటే తట్టింది. వంద ఘనం కూడా పది లక్షలే! ఘనాల మొత్తమైతే విడిపోతుంది. నూట ఒకటి ఇంటూ తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి. ఫోన్‌లో గుణించి చూస్తే సరిగ్గా సరిపోయింది. పైకే అరిచినట్టున్నాను, కారం తగిలిందనుకుని బండివాడు "క్యా హువా దీదీ, మిర్చీ లగీ?" అన్నాడు. వర్గంగా చూసినంతసేపూ బండరాయిలా కూర్చున్న సంఖ్య, ఘనంగా చూసేసరికి రెండు ముక్కలైంది. లెక్కల్లో నాకు సంతోషం కలగడం అదే మొదలు.

ఆ ఏడాది ఆ పేపరు గట్టెక్కాను. ఇంటర్వ్యూ దాకా వెళ్ళాను గానీ, చివరికి ఉద్యోగం రాలేదు. మేడమ్‌కి ఫోన్ చేసి భోరుమన్నాను. ఆవిడ అంతా విని, "అవునే, ఆ తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి ఇంకా ముక్కలవుతుందేమో చూశావా?" అన్నారు.

ఒళ్ళు మండింది. ఓదార్పు కోసం చేస్తే ఇదా! ఆ కోపంతోనే కాగితం తీసుకుని, వందలోపు ప్రధాన సంఖ్యలన్నిటితో ఒక్కొక్కటిగా భాగించుకుంటూ పోయాను. ప్రతిసారీ ఎంతో కొంత మిగిలింది. ఇది నిజంగానే ప్రధాన సంఖ్య. ఏడుపు ఎప్పుడు ఆగిందో మాత్రం గమనించలేదు.

ధైర్యం చెప్పే మాట ఒక్కటీ ఆవిడ నాతో అన్న గుర్తు లేదు. ఇప్పటికీ మనసు బాగాలేకపోతే ఎదురుగా కనిపించిన ఏదో ఒక పెద్ద సంఖ్యని పట్టుకుని విడగొట్టడం మొదలుపెడతాను. కాసేపటికి, ఇదేమవుతుందో చూద్దామన్న ఆత్రం దిగులుని పక్కకి నెడుతుంది. మేడమ్ పోయారని కబురు తెలిసిన రోజున కూడా అదే చేశాను.