మూడో పార్టీ మనిషి

బాగా పండిన పనసపండు కోసిన వాసన వస్తే ఎవరికైనా నోరూరుతుంది. నాకు ఇన్సూరెన్సు ఫారం గుర్తొస్తుంది. నిన్న మా కోడలు వంటింట్లో తొనలు వలుస్తుంటే, ముందుగదిలో కూర్చున్న నాకు చటుక్కున అప్పలనాయుడుగారు మనసులో మెదిలారు. పంతొమ్మిదివందల యాభైల్లో తనకున్న ఒక్క బస్సునూ మందస నుంచి పలాస మీదుగా టెక్కలికి నడిపేవారాయన. నేను ఆయన దగ్గర గుమాస్తాని. బస్సూ ఒకటే, గుమాస్తా ఒకడే. ఆయనకు బస్సు మీదే నమ్మకం ఎక్కువ.

ఒక వేసవి ఉదయం మా డ్రైవరు సింహాచలం వెనక్కి తిరిగి, బావమరిదితో పెళ్లి కబుర్లు చెబుతూ, పలాస పొలిమేరలో ముందు పోతున్న పనసకాయల బండిని గుద్దాడు. అదృష్టం బాగుండి ఎద్దులు కాడి వదిలించుకుని పక్క చేలోకి పరిగెత్తాయి, బండివాడు గురయ్య దూకేశాడు. దెబ్బలు ఎవరికీ తగల్లేదు. బండి ఇరుసు మాత్రం రెండు ముక్కలైంది, పళ్లన్నీ రోడ్డు మీద పగిలాయి. నేనూ పోలీసూ వెళ్లేసరికి ప్రయాణికులు వరసగా కూర్చుని సాక్ష్యంలో సగం తినేశారు. గురయ్య ఒక్కడే తినలేదు. ఉద్దానం తోటల నుంచి కాయ తోలితేనే అతని ఇల్లు గడిచేది. సీజను ఇంకా నెలన్నర ఉంది, బండి లేదు.

మా బస్సుకున్న ఇన్సూరెన్సు ఎదుటివాడి నష్టానికే. తప్పు మాదైతే కంపెనీ గురయ్యకు ఇస్తుంది గాని, మరుసటేడు మా దగ్గర ఎక్కువ వసూలు చేస్తుంది. యజమాని మేలు కోరి నేను రిపోర్టు రాశాను: "ఎద్దులు బెదిరి, మిక్కిలి కోపముతో వెనుకకు నడిచి, నిలిచియున్న బస్సును ఢీకొన్నవి." గ్రాంథికంలో రాస్తే అబద్ధానికి కాస్త పరువు వస్తుందని అప్పట్లో నా నమ్మకం.

నాయుడుగారు దాన్ని రెండుసార్లు చదివారు.

"ఎనక్కి నడిసి గుద్దీసాయా? వాటికి లైసెన్సుందేటి పంతులుగారూ?"

"మన బస్సు కోసమేనండీ..."

"బస్సు సంగతి నాను సూసుకుంతాను. తప్పు మనదని ఇంకో కాయితం రాయండి."

మొదటి కాగితాన్ని చింపకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు.

నిజం రాశాక పని సులువనుకున్నాను. ఫారం పట్టుకుని గురయ్య ఊరెళ్లి, "ఇదిగో, థర్డ్ పార్టీ అన్నచోట వేలిముద్ర వెయ్యి. అంటే మూడో పార్టీ" అని తెలుగులో విడమరిచి చెప్పాను. అవి ఎన్నికల రోజులు. గురయ్య చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు.

"బాబ్బాబు, వొద్దు! మా వూర్ల రెండు పార్టీలున్నాయి. మా అన్న ఒకదాన్ల, మా బావ ఒకదాన్ల. మజ్జిన నానెలాగో బతుకుతన్నాను. మూడోదాన్ల సేరితే ఇద్దరూ కలిసి తంతారు."

బండి రాకపోయినా సరే, వేలు మాత్రం ఇవ్వనన్నాడు.

మర్నాడు నాయుడుగారే నన్ను వెంటబెట్టుకుని వెళ్లి గురయ్య అరుగు మీద కూర్చున్నారు.

"ఇది ఓట్ల పార్టీ కాదురా గురయ్యా. బస్సు నాది, కాయితం కంపినీది. మా ఇద్దరి మజ్జిన ఊరికే దెబ్బ తిన్నోడివి నువ్వు. మూడోవోడంటే అదే."

"జెండా మొయ్యక్కర్నేదు గదా బాబూ?"

"అక్కర్నేదు."

"అయితే అందల ఏటి రాసినారో సదివించండి."

నాయుడుగారు జేబులోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టారు. చూస్తే నా మొదటి రిపోర్టు! "సదవండి పంతులుగారూ" అన్నారు. తప్పించుకునే దారి లేదు. చదివాను. 'మిక్కిలి కోపముతో' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే వినబడలేదు. గురయ్య నవ్వలేదు, తిట్టలేదు. గడ్డి మేస్తున్న ఎద్దుల వైపు ఓసారి చూసి, "మా ఎద్దులకంత కోపం నేదు బాబూ" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు నాయుడుగారు రెండో కాగితం ఇచ్చారు. దాన్ని గట్టిగానే చదివాను. గురయ్య వేలిముద్ర వేశాడు.

కంపెనీవాళ్లు కదిలేలోగా సీజను వెళ్లిపోతుందని నాయుడుగారు ముందే తన డబ్బుతో వడ్రంగిని పెట్టారు. వారం తిరక్కుండా గురయ్య బండి రోడ్డెక్కింది. మా బస్సు మూతి సొట్ట మాత్రం చాన్నాళ్లు అలాగే ఉండిపోయింది.

నాయుడుగారు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. ఆ తర్వాత వేరే ఆఫీసుల్లో ఎందరి మీదో ఎన్నో కాగితాలు రాశాను. ఇప్పటికీ ఒకరి గురించి నాలుగు ముక్కలు రాయాల్సి వస్తే, సంతకానికి ముందు తలుపు వేసుకుని, ఆ మనిషి ఎదురుగా కూర్చున్నాడనుకుని పైకి చదువుతాను. గొంతు తగ్గినచోట కొట్టేస్తాను.