మారెక్క చేలో పడిన గడియారం

సోమందేపల్లె దగ్గర హైవే పక్క పొలం అమ్మినప్పటి నుంచి బయ్యన్న కాలు నేల మీద ఆనడం లేదు. బెంగళూరు పోయి పెద్ద కంపెనీ గడియారం కొన్నాడు. మనిషిది పుల్లలాంటి చేయి, గొలుసేమో ఇద్దరికి సరిపోయేటంత. షాపువాడు నాలుగు ముక్కలు తీసి సరిచేస్తానంటే, "దుడ్లు పోసి కొనిందాన్ని కోసి పారేయమంటావేమప్పా?" అని దబాయించాడట. ఆ ఘనకార్యం తానే ఊరంతా చెప్పుకున్నాడు.

అప్పటి నుంచి గడియారం మోచేతికీ మణికట్టుకూ మధ్య తిరుగుతూనే ఉంది. గొలుసు వెంట్రుకలు పీకుతుంటే పళ్లు బిగబట్టి నవ్వేవాడు. జారిపోతుందని చేయి ఎప్పుడూ పైకెత్తే ఉంచేవాడు. చూస్తే అదే ఊళ్లో సేద్యం చేసుకునే మారెక్కకు ఒళ్లు మండేది.

అయినా ఆ చేతికోసమే ఆమె కాచుకోవాల్సి వచ్చింది. ఆ ఊళ్లో తొలి సాలు విత్తనం చేతివాసి ఉన్న మగవాడే వేయాలి. బయ్యన్న నాయనకు ఆ పేరుండేది, పొలంతో పాటు కొడుక్కూ వచ్చింది. మొగుడు పోయిన మారెక్క విత్తు ముట్టుకుంటే చేను మాడిపోతుందట! కలుపు తీసేటప్పుడు మాత్రం ఏ మైలా ఉండదు.

ఆ ఏడు వాన ఒక్కటే పడింది. నేలలో తడి పదును ఆరేలోగా వేరుశనగ విత్తకపోతే ఆమెకు ఏడాదంతా కూలే గతి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, బయ్యన్న అందరి చేలూ సగం విత్తాక ఆమె చేలోకి వచ్చాడు. మారెక్క తమ్ముడు శివప్ప ఎద్దుల్ని తోలాడు. బయ్యన్న విత్తే గొర్రు వెంట నడుస్తూ వేళ్లు ముడిచి దాని మీది గిన్నెలో విత్తనం వదిలాడు. అందుకు చేయి దించక తప్పలేదు. సాలు సగంలో టైము చూసుకోబోతే మణికట్టు బోసిగా ఉంది. వెనకే వచ్చిన గుంటక అప్పటికే మట్టి కప్పేసింది.

"ఆపండి! నా గడియారం దొరికేదాకా ఎవురూ అడుగేయగూడదు," అని ఎద్దుల ముందు చతికిలబడ్డాడు.

గుంటక తోలే కూలీలు బయ్యన్నకు భయపడి గట్టెక్కారు. మారెక్క, శివప్ప మోకాళ్ల మీద పాకుతూ వెతికారు. ఎండ ముదిరింది. నల్లగా ఉన్న మట్టి తెల్లబడుతుంటే మారెక్క వెతకడం ఆపి లేచింది. ఒక్కని సోకుకు ఒక కుటుంబం కూడు ఎండాలా?

"అన్నా, లెయ్యి. గొర్రు పోవల్ల."

"పదును యాడికి పోతాది మే? నేను లేకుంటే నీ చేలో విత్తేదెవరు?"

"నేనే."

"ముండమోసిన చెయ్యి పడితే గింజ మొలుస్తాదా?"

మారెక్క కొంగు నడుముకు బిగించి విత్తనం ఒడిలో పోసుకుంది.

"నాది మొలవకపోతే నేను పస్తుంటాలే. నీ గడియారం మొలిస్తే చెప్పంపుతా, కాయలతో పాటు పెరుక్కొని పో. శివప్పా, తోలు!"

ఎద్దులు మీదికొస్తుంటే బయ్యన్న పంచె ఎగ్గట్టుకుని గట్టుకు పరుగెత్తాడు. మారెక్క గిన్నెలో మొదటి పిడికెడు వదిలింది. ఇన్నేళ్లుగా దున్నించిన తన చేలో, తన చేత్తో విత్తనం వేయడం ఆమెకు అదే మొదలు.